నెట్ లేని ఇంట్లో మామ్మగారికి ఇ-రీడర్: ప్రాజెక్టు డైరీ

చదివే మనిషికి 78 ఏళ్లు. తెలుగు పంతులమ్మగా చేసి రిటైరయ్యారు. ఉండేది కోనసీమలో. ఇంట్లో వైఫై లేదు, పెట్టించే ఉద్దేశమూ లేదు. చేతిలో ఉన్నది బొత్తాల ఫోను. రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషను అయింది. పత్రిక చదవగలరు గానీ పావుగంటకు కళ్లు అలిసిపోతాయి. పాత అచ్చు పుస్తకాలు మళ్లీ చదవాలని కోరిక. అవి ఇంట్లో ఉన్నా, ఆ సన్నటి అక్షరాలూ పసుపెక్కిన కాగితమూ ఇప్పుడు ఆ కళ్లకు పనికిరావు. అందుకే అక్షరాలు పెంచుకోగల ఇ-రీడర్, అంటే పుస్తకాలు చదవడానికే ఉన్న యంత్రం, కొనాలనుకున్నాం.

అందరూ "ఏ కంపెనీది కొనాలి?" అని మొదలుపెడతారు. మేం రెండు వేరే ప్రశ్నలతో మొదలుపెట్టాం. తెలుగు ఒత్తులు సరిగ్గా కూర్చుంటాయా? నెట్ లేకుండా పుస్తకం లోపలికి ఎలా వెళ్తుంది? ఈ రెండూ తేలాకే బ్రాండు సంగతి.

1వ రోజు: అక్షరం ఎంత పెద్దది కావాలి

ఒకే పేరాను 10, 12, 14, 16, 18, 20 పాయింట్లలో తెల్ల కాగితం మీద అచ్చు తీశాం. ఆవిడ రోజూ కూర్చునే చోటే, రోజూ ఉండే వెలుతురులోనే, ఒక్కొక్కటీ పది నిమిషాలు చదవాలి. దుకాణంలో ట్యూబులైట్ల కింద చేసే పరీక్ష ఇంటికి పనికిరాదు. ఎంత చిన్న అక్షరం కనిపిస్తోందన్నది కాదు కొలవాల్సింది, ఎన్ని నిమిషాలకు కళ్లద్దాలు తీసి కళ్లు నులుముకుంటున్నారన్నది. 14 దగ్గర చదవడం కుదిరింది, 18 దగ్గర హాయిగా సాగింది.

చదివే కళ్లద్దాలు ప్లస్ 2.5. ఆ అద్దానికి చూపు సరిగ్గా కుదిరే దూరం 40 సెంటీమీటర్లు. టేపు పెట్టి కొలిస్తే, ఆవిడ ఒళ్లో పెట్టుకుని చదివే దూరం అంతకన్నా ఎక్కువే ఉంది. అంటే యంత్రాన్ని కాస్త ఎత్తు మీద పెట్టాలి. దీని సంగతి తరవాత.

18 పాయింట్లు ఖాయం కాగానే తెర సైజు దానంతటదే తేలింది. 6 అంగుళాల తెర వెడల్పు 9.1 సెంటీమీటర్లు. అంచులు పోగా వరుసకు 16 అక్షరాలు పట్టాయి, అంటే మూడు మాటలు. 7.8 అంగుళాల తెర వెడల్పు 11.9 సెంటీమీటర్లు. దాని మీద వరుసకు 22 అక్షరాలు, నాలుగైదు మాటలు. సంధులూ విభక్తులూ కలిసి తెలుగు మాట పొడుగవుతుంది కాబట్టి ఇంగ్లీషు చదివేవాళ్లకు సరిపోయే 6 అంగుళాలు మనకు ఇరుకు. చిన్న తెర తేలిక, చవక. అయినా ఇక్కడ వద్దనుకున్నాం.

3వ రోజు: ఏవేవి చూశాం

టాబ్లెట్‌ను మొదటే పక్కన పెట్టేశాం. దాని తెర లోపలి నుంచి వెలుగుతుంది, కిటికీ పక్కన కూర్చుంటే మెరుస్తుంది, రోజూ ఛార్జింగు అడుగుతుంది. ఇ-ఇంకు తెర కాగితంలాగే బయటి వెలుతురుతో కనిపిస్తుంది, పేజీ మారినప్పుడు తప్ప తెరకు కరెంటు అక్కర్లేదు.

కిండిల్ అమెజాన్ వాళ్ల ఇ-రీడర్, తెర బాగుంటుంది. కానీ కొన్న పుస్తకాన్ని కంప్యూటర్‌లోకి దించి యూఎస్‌బీ ద్వారా ఎక్కించే సదుపాయాన్ని అమెజాన్ 2025 ఫిబ్రవరి 26 నుంచి ఆపేసింది. కొన్నది లోపలికి రావాలంటే వైఫై ఉండాల్సిందే. మన దగ్గరున్న ఫైళ్లను కేబులుతో ఎక్కించుకోవచ్చు, కానీ అలా వేసిన ఇపబ్‌ను (ఇ-పుస్తకాలకు అందరూ వాడే ఫైలు రకం) అది నేరుగా తెరవదు. కాలిబర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో కిండిల్ చదివే ఏజెడ్‌డబ్ల్యూ3 రకంగా మార్చాలి, అంటే ప్రతిసారీ కంప్యూటర్ కావాలి. పైగా 2016 డిసెంబరులో కిండిల్ పుస్తకాలు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళాల్లో మొదలయ్యాయి. ఆ అయిదింటిలో తెలుగు లేదు. ఇంగ్లీషు నవలలు చదివే పెద్దవాళ్లకు, నెలకోసారి ఎవరైనా వచ్చి ఫోను హాట్‌స్పాట్ ఇచ్చే ఇంటికి కిండిల్ మంచిదే. ఈ పనికి కాదు.

కోబో అనే ఇంకో కంపెనీ ఇ-రీడర్లలో లిబ్రా రకాలకు పేజీ తిప్పే బొత్తాలున్నాయి. మొదటిసారి ఆన్ చేయగానే అకౌంటు అడుగుతుంది. దాన్ని దాటాలంటే కోబో ఇ-రీడర్ కాన్ఫ్ అనే దాచిన ఫైల్లో సైడ్‌లోడెడ్ మోడ్‌ను ట్రూ చేయాలి. చేయి తిరిగినవాళ్లకు అయిదు నిమిషాల పని. అయితే లిబ్రా కలర్ లాంటి రంగుల ఇ-ఇంకు తెరలకు పైన రంగు వడపోత పొర ఒకటి ఉంటుంది, దాంతో తెలుపు కాస్తా బూడిద రంగుకు దిగుతుంది. చూపు తగ్గిన కళ్లకు కావాల్సింది నలుపు తెలుపుల మధ్య తేడా. కాబట్టి పెద్దవాళ్లకు కొనేటప్పుడు రంగుల మోడల్ వద్దు.

ఆండ్రాయిడ్ ఇ-ఇంకు యంత్రాల్లో తెలుగు ఇబ్బంది పెట్టదు. కానీ నోటిఫికేషన్లు, అప్‌డేట్లు, వేలు తగిలితే ఎక్కడికో పోయే మెనూలు. దారి తప్పితే వెనక్కి రప్పించే మనిషి ఇంట్లో ఉండాలి.

చివరికి పాకెట్‌బుక్ ఇంక్‌ప్యాడ్ 4 తీసుకున్నాం. 7.8 అంగుళాలు, 300 పీపీఐ (అంగుళానికి 300 చుక్కలు), 265 గ్రాములు, 32 జీబీ, తెర కింద అసలు సిసలు బొత్తాలు. అకౌంటు లేకపోయినా పనిచేస్తుంది, కేబులు పెడితే పెన్‌డ్రైవ్‌లా తెరుచుకుంటుంది, ఇపబ్ నేరుగా చదువుతుంది. విదేశాల్లో ఉన్న పిల్లలు వచ్చేటప్పుడు తెచ్చిపెట్టే వస్తువు ఇది. అలా తెచ్చినదానికి ఇక్కడ వారంటీ మీద ఆశ పెట్టుకోకూడదు.

బొత్తాలు ఎందుకంత ముఖ్యమంటే, వయసు మీదపడ్డాక వేలి చర్మం పొడిబారుతుంది. ఇప్పటి తెరలు వేలి చర్మం కరెంటును మోసే గుణాన్ని బట్టి పనిచేసేవి. పొడి వేలు పెడితే ఒకసారి పలుకుతాయి, ఒకసారి పలకవు. గట్టిగా నొక్కితే అది ఎక్కువసేపు నొక్కినట్టు లెక్కై ఏదో మెనూ తెరుచుకుంటుంది. బొత్తం నొక్కితే మాత్రం వేలికే తెలుస్తుంది.

5వ రోజు: ఒత్తుల పరీక్ష

కొనేముందు దుకాణంలోగానీ, స్నేహితుల యంత్రంలోగానీ చేయాల్సిన పరీక్ష ఇది. ఒక ఇపబ్‌లో ఈ మాటలు పెద్ద సైజులో పెట్టి తెరవాలి: స్త్రీ, స్త్రైణం, రాష్ట్రం, జ్యోత్స్న, ఉచ్ఛ్వాసం, తీక్ష్ణం, వాఙ్మయం, కృష్ణ, లక్ష్మి, జ్ఞానం, కైలాసం, సాఫ్ట్‌వేర్.

ఒక్కో మాట ఒక్కో తప్పును బయటపెడుతుంది. "స్త్రీ"లో గుడిదీర్ఘం పైన సకారానికి తగులుకోవాలి, తవత్తూ రవత్తూ కింద చేరాలి. యంత్రానికి చేతకాకపోతే మూడు హల్లులూ విడిపోయి, మధ్యలో పొల్లులతో వరుసగా నిలబడతాయి. "కైలాసం"లో ఐత్వం రెండు ముక్కలు, ఒకటి పైన, ఒకటి కింద. కింది ముక్క ఎగిరిపోతే అది "కెలాసం". "జ్యోత్స్న"లో ఒత్తు కింద ఒత్తు పడి కింది వరుసను తగులుతోందేమో చూడాలి. "సాఫ్ట్‌వేర్"లో ఫ్ట్ పొల్లుతో ఆగాలి. అక్కడ కంటికి కనిపించని విడదీసే గుర్తు ఒకటి ఉంటుంది, అది పోతే వకారం కూడా ఒత్తై కింద చేరిపోతుంది.

పరీక్షించిన వాటిలో ఒక యంత్రంతో వచ్చే చదివే సాఫ్ట్‌వేర్ స్త్రైణం దగ్గర చతికిలబడింది. ఫాంటు మార్చినా అదే తీరు. లోపం ఫాంటుది కాదు. అక్షరాలను పేర్చే భాగం తెలుగు ఒత్తుల తీరు తెలిసినది (హార్ఫ్‌బజ్ లాంటిది) కాకపోతే ఎంత మంచి ఫాంటు పెట్టినా ఒత్తులు విడిపోతాయి. అందుకే చదివే సాఫ్ట్‌వేర్‌గా కేఓరీడర్ పెట్టాలని నిర్ణయం. అది ఉచితం, హార్ఫ్‌బజ్ మీదే నడుస్తుంది.

8వ రోజు: కేఓరీడర్, ఫాంట్లు

పాకెట్‌బుక్ కోసం ఇచ్చే జిప్ దించి విప్పితే అప్లికేషన్స్, సిస్టమ్ అని రెండు ఫోల్డర్లు వస్తాయి. రెండింటినీ యంత్రం మొదటి మెట్టులోకి, అంటే ఏ ఫోల్డరూ తెరవకముందు కనిపించే చోటికి, కాపీ చేయాలి. అక్కడ సిస్టమ్ అనే ఫోల్డరు ముందే దాగి ఉంటుంది. దాన్ని తీసేసి కొత్తది పెట్టకూడదు, రెండూ కలవాలి. ఇక్కడ తొందరపడితే సెట్టింగులన్నీ పోతాయి.

కంప్యూటర్‌కు యంత్రం కనిపించకపోతే ముందు కేబులును అనుమానించాలి. ఛార్జర్లతో వచ్చే కొన్ని కేబుళ్లలో డేటా తీగలే ఉండవు. మాకు గంట పోయింది దీని దగ్గరే.

చదవడానికి నోటో సెరిఫ్ తెలుగు. గూగుల్ ఫాంట్స్ నుంచి దించిన జిప్‌లో స్టాటిక్ అనే ఫోల్డరులో ఉన్న రెగ్యులర్, మీడియం, సెమీబోల్డ్, బోల్డ్ నాలుగింటినీ కేఓరీడర్ ఫాంట్స్ ఫోల్డరులో వేశాం. తరవాత కింది మెనూలో అక్షరం బరువు ఒక మెట్టు పెంచాం. బరువైన ఫాంటు ఫైలు విడిగా ఉంటే దాన్ని వాడుతుంది, లేకపోతే ఉన్న అక్షరాన్నే బలవంతంగా లావు చేస్తుంది. అలా లావు చేస్తే ధ కింద గీత పూడుకుపోయి ద లాగా కనిపిస్తుంది.

పుస్తకాల జాబితాలో పేర్లు డబ్బాలుగా వచ్చాయి. పుస్తకం లోపల తెలుగు చక్కగా ఉంది, బయట పేరు లేదు. కారణం ఏమంటే మెనూలకు వాడే ఫాంటు వేరు. నోటో సాన్స్ తెలుగు రెగ్యులర్‌ను కూడా అదే ఫోల్డరులో వేసి, సెట్టింగుల్లో అదనపు ఫాల్‌బ్యాక్ ఫాంట్ల (మెనూ ఫాంటులో అక్షరం లేనప్పుడు వాడేవి) జాబితాలో దాన్ని టిక్ చేయాలి. అక్కడ సెరిఫ్ పనికిరాదు, సాన్స్ మాత్రమే కనిపిస్తుంది.

సైజు అంకెను నమ్మకుండా, 18 పాయింట్ల అచ్చు కాగితాన్ని తెర పక్కన పట్టుకుని రెండూ సమానమయ్యేదాకా పెంచాం. వరుసల మధ్య ఎడం పేజీకి 13 వరుసలు వచ్చేదాకా. ఇంగ్లీషుకు పెట్టే ఎడం పెడితే పై వరుస ఒత్తులూ కింది వరుస గుడులూ ఒకదానికొకటి రాసుకుంటాయి.

రెండు అంచులూ సమం చేసే జస్టిఫై తీసేశాం. వరుసకు నాలుగు మాటలే ఉన్నప్పుడు అంచు కలపాలంటే మాటల మధ్య గుంటలు పడతాయి, కన్ను ప్రతి గుంట దగ్గరా ఆగుతుంది. ఎడమ అంచు సమంగా ఉంటే చాలు. పుస్తకంలో పొదిగిన ఫాంట్లు వాడే ఆప్షన్ కూడా ఆఫ్. లేకపోతే ఒక్కో పుస్తకం ఒక్కో రూపంలో తెరుచుకుంటుంది.

11వ రోజు: పుస్తకాలు

మన దేశంలో రచయిత మరణించిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు దాటితే రచన అందరిదీ అవుతుంది. గురజాడ 1915లో, కందుకూరి 1919లో, చిలకమర్తి 1946లో పోయారు. అంటే వాళ్లు బతికుండగా అచ్చయినవి వాడుకోవడానికి అడ్డు లేదు. మొదటి దించుడు తెలుగు వికీసోర్స్ నుంచే. అక్కడ పుస్తకం పేజీ నుంచి ఇపబ్‌గా దించుకోవచ్చు. వాలంటీర్లు ఒక్కొక్క పేజీ అచ్చుతో పోల్చి దిద్దిన పాఠం అది. ఆ పని చేస్తున్నవాళ్లకు ఎంత చెప్పినా తక్కువే.

దించినవాటిని కాలిబర్‌లో తెరిచి పేరు, రచయిత సరిచూశాం. మొదటి విడతకు 12 పుస్తకాలే. 32 జీబీ ఉందని వెయ్యి నింపితే జాబితా చూడటమే ఒక పని అవుతుంది. ఫైలు పేరు ముందు 01, 02 అని అంకెలు వేస్తే, "మామ్మగారూ, ఏడో పుస్తకం తెరవండి" అని ఫోనులో చెప్పడానికి వీలు.

ఒకచోట దొరికిన టెక్స్టు ఫైలు తెరిస్తే అర్థం లేని ఇంగ్లీషు గుర్తులు. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కంపోజ్ చేసిన పుస్తకాల నుంచి పాఠం తీస్తే ఇలాగే వస్తుంది. ఆ రోజుల్లో ఇంగ్లీషు అక్షరాల చోట్లలో తెలుగు బొమ్మలు కూర్చేవారు. దాన్ని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లున్నాయి. మార్చాక మాత్రం ఒత్తుల కోసం మళ్లీ ఒకసారి మొత్తం చదవాల్సిందే.

15వ రోజు: స్కాన్ పుస్తకాలతో కుస్తీ

ఆవిడ అడిగిన వాటిలో సగం ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే సైటులో పీడీఎఫ్ స్కాన్లుగానే ఉన్నాయి. అక్షరాలు పెంచడానికి అవి అక్షరాలు కావు, ఫొటోలు.

మొదట రీఫ్లో వాడిచూశాం. బొమ్మలోని వరుసలను మాటలుగా కత్తిరించి, పెద్దవి చేసి, మళ్లీ పేర్చే పద్ధతి అది. ఇంగ్లీషు స్కాన్లకు బాగా కుదురుతుంది. తెలుగులో వరుసల మధ్య తెల్లటి ఖాళీ ఉండదు. ఒత్తులు కిందికి దిగుతాయి, గుడులు పైకి లేస్తాయి. దాంతో కొన్నిచోట్ల ఒత్తులే వేరే వరుసై తెగిపోయాయి. పంతులమ్మగారికి అలాంటి పేజీ ఇవ్వడం మర్యాద కాదు.

కుదిరిన పద్ధతి ఏమంటే, అంచులు ఆటోమేటిక్‌గా కత్తిరించడం, తెరను అడ్డం తిప్పడం, పాఠం వెడల్పు తెర నిండా పరచడం. క్రౌన్ 1/8 సైజు పుస్తకంలో అచ్చు వెడల్పు సుమారు 9.5 సెంటీమీటర్లు. అడ్డం తిప్పిన 7.8 అంగుళాల తెర 15.85 సెంటీమీటర్లు. అంటే 1.67 రెట్లు, 12 పాయింట్ల అచ్చు 20 అయి కూర్చుంటుంది. అదే 6 అంగుళాల తెర మీద సుమారు 15 దగ్గరే ఆగుతుంది. పెద్ద తెర కొన్న ఖరీదు ఇక్కడ తిరిగొచ్చింది. ఒక పేజీ రెండు మూడు తెరలుగా వస్తుంది, బొత్తం నొక్కుతూ పోతే చాలు. డెమ్మీ సైజు పుస్తకాలకు పెరుగుదల ఇంకా తక్కువ, అవి ఈ పద్ధతికి అంతగా లొంగవు.

పసుపెక్కిన కాగితం తెర మీద బూడిద మరకలా పడుతుంది. కాంట్రాస్టు పెంచితే ఆ మరక పోయి నలుపు తేలుతుంది. మరీ పెంచితే సన్న గీతలు తెగి అరసున్నలు మాయమవుతాయి.

ఒక పుస్తకం మాత్రం ఆవిడ పదేపదే అడిగారు. దాన్ని అసలు పాఠంగా మార్చాలనుకున్నాం. 312 పేజీలు. గూగుల్ డ్రైవ్‌లో పెట్టి డాక్స్‌తో తెరిస్తే బొమ్మలోని తెలుగు పాఠంగా వస్తుంది. ఫైలు 2 ఎంబీ లోపు ఉండాలి కాబట్టి చిన్న చిన్న ముక్కలు చేయాలి. తప్పులు ఎక్కడ వస్తాయో రెండు అధ్యాయాల్లోనే తెలిసింది: ధ బదులు ద, థ బదులు ధ, ఘ బదులు ఋ, బండి ఱ బదులు మామూలు ర, ఎగిరిపోయిన అరసున్నలు, పద్యపాదాలు కలిసిపోయి వచనం కావడం. పేజీకి 7 నిమిషాలు పట్టింది. ఆ లెక్కన 36 గంటల పని. రోజుకు 6 పేజీల చొప్పున మొదలైంది.

19వ రోజు: ఫోను నుంచి పుస్తకం ఎక్కించడం

ఇదే అసలు చిక్కు. నెలకోసారి ల్యాప్‌టాప్ తీసుకుని ఎవరూ రారు. పక్కింటి కుర్రాడి దగ్గర ఆండ్రాయిడ్ ఫోను ఉంది. ఇపబ్‌ను వాట్సాప్‌లో డాక్యుమెంటుగా అతనికి పంపితే, అతను వచ్చి ఎక్కించాలి. ఇంటర్నెట్ అతని ఫోనులోనే ఉంటుంది, యంత్రానికి అక్కర్లేదు.

ఫోనుకూ యంత్రానికీ మధ్య రెండు వైపులా సి-టైపు ఉన్న డేటా కేబులు. పెట్టగానే పాకెట్‌బుక్ ఛార్జింగా, పీసీ లింకా అని అడుగుతుంది. పీసీ లింక్ నొక్కాలి. ఫోనులో ఫైల్స్ యాప్‌లో యూఎస్‌బీ నిల్వ కనిపిస్తుంది. వాట్సాప్ డాక్యుమెంట్ల ఫోల్డరు నుంచి ఫైలును యంత్రంలోని బుక్స్ ఫోల్డరులోకి కాపీ చేయాలి. తరవాత ఫోనులో ఎజెక్ట్ నొక్కి, అప్పుడే కేబులు తీయాలి. మొదటిసారి ఎజెక్ట్ లేకుండా లాగేస్తే ఫైలు పేరు మిగిలింది, లోపల ఏమీ లేదు. రెండోసారి ఫోను యంత్రాన్ని ఛార్జ్ చేయడానికే మొగ్గింది. కేబులు తీసి, యంత్రాన్ని నిద్ర లేపి పెడితే కుదిరింది.

యంత్రంలో వైఫై శాశ్వతంగా ఆఫ్. అప్‌డేటు కబుర్లు రావు, బ్యాటరీ నిలుస్తుంది.

22వ రోజు: వ్యాసపీఠం, బొట్టుబిళ్ల

40 సెంటీమీటర్ల దూరానికి, చేతులకు బరువు లేకుండా ఉండటానికి, ఇంట్లో ఉన్న వ్యాసపీఠం కన్నా మంచి స్టాండు బజారులో లేదు. చిక్కల్లా ఒకటే. యంత్రం దాని వంపులో కూర్చుంటే కింది బొత్తాలు లోపలికి పోయి వేలు అందదు. కింద 2 సెంటీమీటర్ల మందం చెక్కబద్దను గుడ్డలో చుట్టి పెడితే బొత్తాలు పైకి వచ్చాయి.

తరవాతి పేజీ బొత్తం మీద ఎర్ర బొట్టుబిళ్ల అంటించాం. వేలికీ తెలుస్తుంది, కంటికీ కనిపిస్తుంది. నాలుగో రోజుకు జిగురు పోయింది. దాని చోట గోళ్లరంగు చుక్క పెట్టి, ఆరాక ఇంకో చుక్క. అది నిలిచింది.

ఒక అట్టముక్క మీద సూచనలు, లావు అక్షరాల్లో. మొదట "ముందు పేజీ" అని రాశాం. అది తప్పు. ముందు అంటే రాబోయేదీ కావచ్చు, అయిపోయినదీ కావచ్చు. కొట్టేసి ఇలా రాశాం: "ఎర్ర చుక్క నొక్కితే తరవాతి పేజీ. పక్కది నొక్కితే వెనక పేజీ. చదవడం అయ్యాక ఊరికే వదిలేయండి, అదే నిద్రపోతుంది." కేఓరీడర్ తెరవగానే ఆఖరిసారి చదివిన పుస్తకమే వచ్చేలా పెట్టాం. తెర మీద తాకితే పేజీ తిరగడం ఆపేశాం. కొంగు సర్దుకునేటప్పుడు చేయి తగిలి నాలుగు పేజీలు ముందుకు పోతోంది అందుకని.

యంత్రానికి ఉన్న సొంత దీపం రాత్రి కనిష్ఠానికి కాస్త పైన, పసుపు ఛాయతో. పగలు అసలు వద్దు.

52వ రోజు: నెల తరవాత చూసినవి

రోజుకు రెండు మూడు గంటలు చదువుతున్నారు. నెలకు రెండు ఛార్జీలు సరిపోయాయి. అమావాస్యకొకసారి, పౌర్ణమికొకసారి అన్నాం, ఆవిడకు అదే గుర్తుంటుంది. చదవకుండా నెలల తరబడి పక్కన పెట్టాల్సివస్తే సగం ఛార్జితో పెట్టాలి. పూర్తిగా ఖాళీ అయి పడి ఉంటే బ్యాటరీ చచ్చిపోతుంది.

పేజీ మీద పాత అక్షరాల నీడలు మిగులుతున్నాయన్నారు. తెర పూర్తిగా తుడుచుకోవడం ఆరు పేజీలకోసారి జరుగుతోంది, మూడుకు తగ్గించాం. అప్పుడు తెర ఒక్కసారి నల్లగా మెరుస్తుంది. పాడయిందని కంగారుపడకుండా ఆ సంగతి అట్టముక్క మీద ఇంకో వరుసగా చేరింది.

పక్కింటి కుర్రాడు మూడుసార్లు పుస్తకాలు ఎక్కించాడు, మూడూ తెరుచుకున్నాయి. దిద్దుబాటు 186వ పేజీ దగ్గరుంది. అయినంతవరకు ఇపబ్ చేసి పంపితే ఆవిడ చదివి, మా కళ్లు దాటిపోయిన 11 తప్పులు పేజీ నంబర్లతో కాగితం మీద రాసి ఇచ్చారు. మిగిలిన 126 పేజీలు ఇకనుంచి వారానికో అధ్యాయం చొప్పున వెళ్తాయి, దిద్దిన కాగితం తిరిగొస్తుంది.